నాటితే పారిపోయే దుంప: తియన్మా ఆర్కిడ్ బతుకు, సాగు, వ్యాపారం

చైనా సంప్రదాయ మందుల దుకాణాల్లో తియన్మా అనే పేరుతో అమ్ముడయ్యే ఎండు దుంప ఒక ఆర్కిడ్ మొక్కది. వృక్షశాస్త్రంలో దాని పేరు గాస్ట్రోడియా ఎలాటా. ఆ పేరు పెట్టినవాడు బ్లూమె అనే శాస్త్రజ్ఞుడు, 1856లో. ఆర్కిడ్ అనగానే కుండీలోంచి వేలాడే రంగురంగుల పూలగుత్తులు గుర్తుకొస్తాయి గానీ, ఈ మొక్కలో చూపరులను నిలబెట్టేంత అందం లేదు. బతుకులో ఎక్కువ భాగం నేల లోపలే గడుపుతుంది. దానికి పచ్చని ఆకులు లేవు, వేళ్లు కూడా లేవు. వేసవి మొదలయ్యే రోజుల్లో దుంప నుంచి ఎర్రటి లేదా పసుపు రంగు కాడ ఒకటి మీటరుకు అటూ ఇటూ ఎత్తున నిటారుగా లేచి, చిన్న కూజాల్లాంటి పూలు పూసి, కాయలు పగిలి విత్తనాలు రాలగానే వాడిపోతుంది. నేపాల్, భూటాన్, సిక్కిం మొదలుకొని చైనా, కొరియా, జపాన్ మీదుగా రష్యా తూర్పు కొస వరకు చల్లని కొండ అడవుల్లో ఇది సహజంగా పెరుగుతుంది.

ఆకు లేని మొక్క ఎండ నుంచి ఆహారం తయారు చేసుకోలేదు. వేరు లేని మొక్క నేల నుంచి సారాన్ని పెద్దగా పీల్చుకోలేదు. అయినా దీని దుంప అరచేతి పొడవున, పిండిపదార్థంతో నిండి ఉంటుంది. ఆ తిండి ఎక్కడి నుంచి వస్తున్నదన్న ప్రశ్నకు సమాధానం దొరికేదాకా తియన్మాను ఎవరూ సాగు చేయలేకపోయారు. శతాబ్దాల పాటు దాని కొరతకూ, ధరకూ, నకిలీలకూ కారణం ఇదే. దాని వైద్య గుణాల గురించి ఎంతైనా రాస్తారు గానీ, ఈ దుంప చరిత్రను నడిపించినది వైద్యం కంటే ఎక్కువగా దాని తిండి తీరు.

ఆ తిండి పెట్టేది ఆర్మిల్లేరియా అనే శిలీంధ్రం. తేనె రంగు పుట్టగొడుగులుగా పైకి కనిపించే ఈ శిలీంధ్రం నేలలో బూట్ల లేసుల్లాంటి నల్లని తాళ్లను సాగదీస్తూ ఒక మొద్దు నుంచి మరో మొద్దుకు పాకుతుంది. తోటల పెంపకందారులకు అది శత్రువు. బతికున్న చెట్ల వేళ్లలోకి చొరబడి వాటిని కుళ్లబెట్టి చంపగలదు. అదే పద్ధతిలో అది తియన్మా దుంపలోకీ చొరబడుతుంది. అయితే దుంప పై పొరలు దాటి కొంత లోతుకు చేరేసరికి దాని పోగులను పెద్ద పెద్ద కణాలు పట్టి జీర్ణం చేసుకుంటాయి. కుళ్లిన కలప నుంచి శిలీంధ్రం సంపాదించిన చక్కెరలు, నత్రజని పదార్థాలు ఆర్కిడ్ పాలవుతాయి. శిలీంధ్రాలను అడ్డగించే ఒక ప్రోటీనును కూడా శాస్త్రజ్ఞులు ఈ దుంప నుంచి వేరు చేశారు. చొరబాటు ఒక హద్దు దాటకుండా చూసే ఏర్పాట్లలో అది ఒకటని భావిస్తున్నారు. ఈ సంబంధాన్ని స్పష్టంగా వర్ణించినవాడు జపాన్ శాస్త్రజ్ఞుడు కుసానో. ఆయన పరిశోధన 1911లో వెలువడింది.

దీన్ని ఇరువురికీ లాభం చేకూర్చే స్నేహంగా వర్ణించడం పరిపాటి. ఆ వర్ణన పూర్తిగా నిజం కాదు. దుంప బలంగా ఉన్నంత కాలం తినేది ఆర్కిడ్, తిండి అయ్యేది శిలీంధ్రం. పిల్ల దుంపలు పుట్టాక తల్లి దుంప సత్తువ తగ్గుతుంది. పూకాడ లేచాక నిల్వ అంతా పైకి వెళ్లి దుంప డొల్లవుతుంది. అప్పుడు శిలీంధ్రం అడ్డూ ఆపూ లేకుండా లోపలికి వ్యాపించి ఆ ముసలి దుంపను తినేస్తుంది. ఎవరి చేయి పైన ఉంటే వారు ఎదుటివారిని తినే వ్యవహారమిది. సాగు చేసే రైతు దృష్టిలో ఇందులో ముఖ్యమైన విషయం ఒక్కటే: ఎప్పుడు తవ్వాలన్నది ఈ బలాబలాల మీద ఆధారపడి ఉంది.

ఎండతో పని లేని బతుకు మొక్క జన్యువుల మీద కూడా ముద్ర వేసింది. 2018లో చైనా శాస్త్రజ్ఞులు ప్రచురించిన తియన్మా జన్యుపటంలో ప్రోటీన్లను తయారు చేసే జన్యువులు 18,969 మాత్రమే లెక్కకొచ్చాయి. అప్పటిదాకా చదివిన పూలమొక్కలన్నింటిలో ఇదే తక్కువ. కిరణజన్య సంయోగక్రియకు అవసరమైన జన్యువుల్లో చాలా భాగం రాలిపోయాయి. శిలీంధ్రంతో వ్యవహారానికీ దాన్ని జీర్ణం చేసుకోవడానికీ పనికొచ్చే జన్యు కుటుంబాలు కొన్ని మాత్రం విస్తరించాయి.

పూర్వం కొండవాసులకు ఇదంతా తెలిసే అవకాశం లేదు. అడవిలో తియన్మా కాడ కనిపించినచోట తవ్వి దుంపలు తెచ్చేవారు. చిన్న దుంపలను పెరట్లో పాతితే మరుసటి ఏడాదికి అక్కడ ఏమీ మిగిలేది కాదు. తియన్మా కొండల్లోని నిధి అనీ, నాటితే పారిపోతుందనీ చైనా పల్లెల్లో పుట్టిన సామెతకు ఆధారం ఈ అనుభవమే. మట్టిలో ఆర్మిల్లేరియా లేకపోతే దుంప ఆకలితో కుళ్లిపోతుందన్నది సామెత వెనుక ఉన్న అసలు సంగతి. చైనా వైద్యంలో అత్యంత ప్రాచీనమైన ఔషధ గ్రంథం షెన్‌నోంగ్ బెన్‌త్సావ్ జింగ్‌లో చిజియన్ అనే పేరుతో ఈ మొక్కకు పై తరగతి మందుల్లో చోటు దక్కింది. అప్పటి నుంచి ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా, అంటే సుమారు రెండు వేల ఏళ్లు, సరుకంతా అడవి నుంచే వచ్చింది.

మార్పు 1960ల్లో మొదలైంది. చైనా వైద్య విజ్ఞాన అకాడమీకి చెందిన షు జిన్‌టాంగ్ హూబే ప్రావిన్సులోని లీచువాన్ కొండల్లో ఉండి, ఆర్మిల్లేరియా పట్టిన దుంగలను పూడ్చి వాటి పక్కన చిన్న దుంపలను నాటే పద్ధతిని నిలకడగా పండే స్థితికి తెచ్చాడు. దాంతో సాగు సాధ్యమైంది గానీ, కొత్త చిక్కు ఒకటి వచ్చిపడింది. దుంప నుంచి దుంపను పుట్టిస్తూ పోతే కొన్ని తరాలకు దిగుబడి పడిపోతుంది, తెగుళ్లు పెరుగుతాయి. చెరకు, అరటి పండించేవారికి ఇది తెలిసిన బాధే. బయటపడే దారి విత్తనం నుంచి మొదలుపెట్టడం. అసలు కష్టం అక్కడే ఉంది.

తియన్మా కాయ ఒక్కొక్కదానిలో పదుల వేల విత్తనాలుంటాయి. ఊదితే లేచిపోయే దుమ్ములా ఉండే ఆ విత్తనంలో పిండం తప్ప మొలకకు కావలసిన నిల్వ ఆహారం లేదు. కాబట్టి మొలకెత్తడానికి కూడా దానికి ఎవరో ఒకరు తిండి పెట్టాలి. ఆ పని ఆర్మిల్లేరియా చేస్తుందని చాలాకాలం అనుకున్నారు. షు జిన్‌టాంగ్, ఆయన సహచరులు జరిపిన ప్రయోగాల్లో విత్తనాన్ని మొలకెత్తించేది వేరే శిలీంధ్రమని, అది రాలిన ఆకుల మీద పెరిగే మైసీనా అనే సన్నని పుట్టగొడుగుల జాతికి చెందినదని తేలింది. మైసీనా ఇచ్చే తిండితో విత్తనం చిన్న గింజలాంటి మొలకగా మారుతుంది. ఆ తర్వాత ఆర్మిల్లేరియా తాడు వచ్చి దాన్ని అందుకోకపోతే మొలక అక్కడితో అంతమవుతుంది. అంటే ఒక మొక్కకు చిన్నప్పుడు ఒక దాది, పెద్దయ్యాక మరో దాది. యునాన్ ప్రావిన్సులోని జావోటోంగ్ ప్రాంతం షియావోత్సావోబాలో కున్మింగ్ వృక్షశాస్త్ర సంస్థకు చెందిన జోవ్ షువాన్ కూడా దాదాపు అదే కాలంలో విత్తన సాగు మీద పని చేశాడు. ఇద్దరిలో ఎవరు ముందన్న వాదన కంటే, రెండు చోట్లా పరిశోధకులు ప్రయోగశాలలో కాక కొండల మీద రైతుల మధ్య ఏళ్ల తరబడి ఉండిపోవడం గమనించదగిన విషయం. ఒక పంట కాలం పూర్తి కావడానికి ఏడాదిన్నర నుంచి మూడేళ్లు పట్టే మొక్క మీద తొందరపాటు ప్రయోగాలు సాగవు.

ఇప్పటి సాగు పద్ధతి ఆ రెండు శిలీంధ్రాల లెక్క మీదే నడుస్తుంది. ముందుగా బలమైన పెద్ద దుంపలను విత్తనం కోసం ఎంచి, కాడ లేచి పూలు విచ్చుకోగానే ఒక్కొక్క పూవులోని పుప్పొడి ముద్దను చేత్తో తీసి కీలాగ్రం మీద అద్దుతారు. మూడు వారాల లోపే కాయ పక్వానికి వస్తుంది. పగలబోయే ముందు కోసి, మైసీనాను పెంచిన ఓక్ ఆకుల మీద విత్తనాలను చల్లి కలుపుతారు. గోతిలో ఆ ఆకుల పొర పరిచి, మీద ఆర్మిల్లేరియా పట్టిన దుంగలను పేర్చి మట్టి కప్పుతారు. ఎరువు వేసేది లేదు, కలుపు బెడద తక్కువ. తేమ, ఉష్ణోగ్రత మాత్రం కనిపెట్టుకుని ఉండాలి. ఎండా వేడిమికి శిలీంధ్రం నీరసిస్తుంది, నీరు నిలిస్తే దుంప కుళ్లుతుంది. అందుకే యునాన్, గుయిజోవ్, హూబే, అన్‌హుయ్, షాన్సీలోని హాన్‌జోంగ్ వంటి చల్లని కొండ ప్రాంతాలే దీనికి పేరుపడ్డాయి. రైతులు పండించే రకాల్లో ఎర్ర తియన్మాకు దిగుబడి ఎక్కువ. ఎత్తైన చోట్ల పెరిగే నల్ల తియన్మాలో నీటి శాతం తక్కువగా ఉండి, ఎండాక బరువు ఎక్కువ నిలుస్తుంది కనుక ధర బాగా పలుకుతుంది.

తవ్వకం చలికాలంలో జరగాలి. పూకాడ ఇంకా లేవక ముందు తీసిన శీతకాలపు దుంప గట్టిగా, బరువుగా ఉంటుంది. వసంతంలో కాడ లేచాక తీసినది ముడతలు పడి లోపల డొల్లగా ఉంటుంది. మొక్క కంటికి కనిపించేది కాడ లేచిన తర్వాతే కాబట్టి, అడవిలో తిరిగి ఏరుకునేవారికి ఎక్కువగా దొరికేది ఈ రెండో రకమే. అడవి సరుకు అంటే తప్పనిసరిగా మేలైనదని కొనుగోలుదారుల్లో ఉన్న నమ్మకానికి ఈ ఒక్క విషయం చాలినంత జవాబు.

తవ్విన దుంపను కడిగి, పరిమాణాన్ని బట్టి వేరు చేసి, లోపల తెల్లని గుండె మిగలకుండా ఆవిరి మీద ఉడికించి, తర్వాత తక్కువ వేడిలో ఆరబెడతారు. ఆవిరి పట్టడం అలవాటుగా వచ్చిన ఆచారమే అయినా దానికి రసాయన కారణం ఉంది. దుంపలోని ముఖ్య పదార్థం గాస్ట్రోడిన్. కున్మింగ్ పరిశోధకులు దాన్ని 1970ల చివర్లో వేరు చేశారు. అది ఒక చక్కెర అణువుకు అతుక్కున్న చిన్న ఫినాల్ సమ్మేళనం. పచ్చి దుంపను అలాగే ఎండబెడితే అందులోని ఎంజైములు ఆ అతుకును తెంచి గాస్ట్రోడిన్‌ను తగ్గించేస్తాయి. వేడి ఆవిరి ఆ ఎంజైములను ముందే పనికిరాకుండా చేస్తుంది. చైనా ప్రభుత్వ ఔషధ ప్రమాణ గ్రంథం ఎండు దుంపలో గాస్ట్రోడిన్, దాని నుంచి విడివడే ఆల్కహాలు రెండూ కలిపి కనీసం 0.25 శాతం ఉండాలంటుంది. ఆవిరి పట్టే శ్రమ తప్పించుకోవడానికీ, దుంప తెల్లగా కనిపించడానికీ, పురుగు పట్టకుండా ఉండడానికీ గంధకం పొగ పెట్టే అలవాటు కూడా వ్యాపారంలో బలంగా పాతుకుంది. ఎక్కువ మూలికలకు గంధక డయాక్సైడ్ అవశేషం కిలోకు 150 మిల్లీగ్రాములు మించరాదని చెప్పే అదే గ్రంథం, తియన్మాతో సహా పది మూలికలకు మాత్రం 400 మిల్లీగ్రాముల దాకా సడలింపు ఇచ్చింది. వినియోగదారుడి ఆరోగ్యం కంటే వ్యాపారపు వాస్తవాన్ని చూసి ఇచ్చిన సడలింపుగానే ఇది కనిపిస్తుంది.

అరుదైన సరుకుకు నకిలీ తప్పదు. బంగాళాదుంపను ఉడికించి, నొక్కి, గీతలు పెట్టి ఆరబెట్టి తియన్మాగా అమ్మిన సందర్భాలు చైనా మూలికా పరీక్షకులకు బాగా తెలిసినవి. మెట్టతామర జాతి దుంప, డాలియా దుంప కూడా ఆ జాబితాలో ఉన్నాయి. తెలుగువారి పెరళ్లలో సాయంత్రం పూసే చంద్రకాంత మొక్క వేరు కూడా అందులో చేరింది. అసలుదాన్ని పట్టే గుర్తులు మొక్క నిర్మాణం నుంచే వచ్చాయి. ఒక కొసన చిలకముక్కులా వంగిన ఎరుపు గోధుమ రంగు మొగ్గ, రెండో కొసన తల్లి దుంప నుంచి విడిపోయినచోట బొడ్డులాంటి గుండ్రని మచ్చ, ఒంటి చుట్టూ చుక్కలతో కూడిన వలయాలు, విరిస్తే కొమ్ములా మెరిసే గట్టి లోపలి భాగం. నొక్కి గీతలు పెట్టవచ్చు గానీ మొగ్గనూ బొడ్డునూ కలిపి పుట్టించడం కష్టం. ముక్కలుగా కోసిన సరుకులో ఈ గుర్తులు పోతాయి. పొడి చేసిన దానిలో సూక్ష్మదర్శినీ రసాయన పరీక్షలూ తప్ప దారి లేదు.

ఇక వైద్యం సంగతి. చైనా వైద్యం లెక్కలో తియన్మా తీపి రుచి గలది, వేడీ చలువా కానిది, కాలేయ మార్గంలో పనిచేసేది. లోపలి గాలిని శాంతింపజేస్తుందని దాని ప్రధాన గుణంగా చెబుతారు. తలతిరుగుడు, తలనొప్పి, పిల్లల్లో వచ్చే ఈడ్పులు, పక్షవాతం తర్వాతి తిమ్మిరి వంటి వాటికి వాడతారు. తెలుగు పాఠకులకు ఇక్కడ ఆయుర్వేదపు వాతం గుర్తుకు రావడం సహజం. కదలికనూ వణుకునూ గాలికి ముడిపెట్టే ఆలోచన రెండింటిలోనూ ఉంది. అయితే దోషాల లెక్క, నాడీ పరీక్ష, మందుల కూర్పు వేరు కనుక ఒకదాన్ని మరొకదానికి అనువాదంగా తీసుకోకూడదు. రోజుకు 3 నుంచి 10 గ్రాములు మోతాదు. ఒంటరిగా కంటే ఇతర మూలికలతో కలిపిన కషాయాల్లోనే ఎక్కువగా వాడతారు. చేప తలతో కాచిన చారులోనో, కోడి పులుసులోనో వేసుకోవడం ఇళ్లలో ఉన్న అలవాటు.

ఆధునిక పరిశోధన ఈ వాడుకను కొంతవరకే సమర్థిస్తుంది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో గాస్ట్రోడిన్ మత్తునిచ్చే, మూర్ఛలను తగ్గించే లక్షణాలు చూపింది. అది మెదడులోకి చేరుతుందని కూడా తేలింది. చైనా ఆసుపత్రుల్లో గాస్ట్రోడిన్ ఇంజెక్షను, మాత్రలు తలతిరుగుడుకూ నరాల సంబంధమైన తలనొప్పులకూ వాడుకలో ఉన్నాయి. అయితే మనుషుల మీద జరిగిన పరీక్షల్లో అత్యధిక భాగం చైనాలోనే, తక్కువ మంది రోగులతో జరిగాయి. రోగికీ వైద్యుడికీ ఏ మందు ఎవరికి ఇస్తున్నదీ తెలియకుండా చేసిన పరీక్షలు వాటిలో తక్కువ. వాటిని కలిపి సమీక్షించినవారు ఫలితం ఆశాజనకమంటూనే ఆధారం బలహీనమని రాయడం ఆనవాయితీ అయింది. మూర్ఛకు గానీ రక్తపోటుకు గానీ వైద్యుడు రాసిన మందును ఆపి ఈ దుంపను నమ్ముకోవడానికి ఆ ఆధారం ఏమాత్రం చాలదు.

ఇందులో మరో చిక్కు కూడా ఉంది. వాడుకలో ఉన్న గాస్ట్రోడిన్ మాత్రలకు ఇప్పుడు ఆర్కిడ్ అవసరం లేదు. ఆ పదార్థాన్ని కర్మాగారంలో రసాయనికంగా తయారు చేస్తారు. ఔషధ గ్రంథం చెప్పిన కనీస ప్రమాణం ప్రకారం 10 గ్రాముల దుంపలో ఉండేది 25 మిల్లీగ్రాములు మాత్రమే. మందు గుణమంతా గాస్ట్రోడిన్‌దే అయితే దుంపను పండించి, ఆవిరి పట్టి, ఆరబెట్టే శ్రమంతా దండగ. దుంపలో పరిషిన్లు అనే బంధు పదార్థాలున్నాయని, అవి శరీరంలో విడిపోయి గాస్ట్రోడిన్‌గా మారతాయని, మిగతా మూలికలతో కలిసినప్పుడు గుణం మారుతుందని సంప్రదాయ వైద్యులు వాదిస్తారు. మొదటి భాగానికి రసాయన ఆధారం ఉంది. చివరి భాగాన్ని నిలబెట్టడానికి కావలసిన పరీక్షలే లోటు.

భారతదేశపు అనుభవంతో పోల్చి చూస్తే చైనా చేసిన పని విలువ తెలుస్తుంది. ఆయుర్వేదంలో అష్టవర్గం అనే ఎనిమిది మూలికల గుంపులో జీవకం, ఋషభకం, ఋద్ధి, వృద్ధి అనే నాలుగూ హిమాలయాల్లో పెరిగే నేల ఆర్కిడ్లుగా గుర్తింపు పొందాయి. చ్యవనప్రాశ పాఠంలో అష్టవర్గం ఉంది. అవి దొరకడం ఎప్పుడో కష్టమైంది. భావప్రకాశం అనే ఆయుర్వేద గ్రంథం నాటికే జీవక ఋషభకాలకు బదులు విదారీకందను, ఋద్ధి వృద్ధులకు బదులు వారాహీకందను వాడుకోవచ్చన్న నియమం స్థిరపడింది. ప్రతినిధి ద్రవ్యం అనే ఆ ఏర్పాటు వైద్యానికి వెసులుబాటు ఇచ్చింది, అడవికీ కొంత మేలు చేసి ఉండవచ్చు. అయితే అసలు మొక్కను పండించి తీరాలన్న ఒత్తిడిని కూడా అదే తగ్గించింది. ఈ నాలుగు ఆర్కిడ్ల విత్తనాలకూ శిలీంధ్రం తోడు కావాలి. వాటికి పచ్చని ఆకులున్నాయి కనుక తియన్మా కంటే అవి సులువైన మొక్కలే. అయినా వాటి సాగు తియన్మా స్థాయికి దరిదాపుల్లో లేదు.

సాగు వచ్చినంత మాత్రాన అడవి తియన్మా కోలుకుందని చెప్పలేం. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఎరుపు జాబితా దాన్ని ముప్పు పొంచి ఉన్న జాతుల్లో చేర్చింది. చైనా 2021లో సవరించిన సంరక్షిత అడవి మొక్కల జాబితాలో దానికి రెండో తరగతి రక్షణ ఇచ్చింది. సాగు కూడా అడవి మీద మరో రూపంలో బరువు మోపుతుంది. ఆర్మిల్లేరియాకు మేత కావలసినది ఓక్, చెస్ట్‌నట్ వంటి గట్టి కలప. ఒక పంట తీసేసరికి దుంగలు పిప్పి అవుతాయి. ఒకసారి పండించిన గోతిలో వెంటనే మళ్లీ వేస్తే దిగుబడి రాదు కనుక కొత్త స్థలం, కొత్త కలప కావాలి. కొండ చరియల మీద విస్తీర్ణం పెరిగేకొద్దీ నరికిన చెట్ల లెక్కా పెరుగుతుంది. కొమ్మలు, రంపపు పొట్టు, తోటల కత్తిరింపుల్లో వచ్చిన పుల్లలు వాడి కలప ఖర్చు తగ్గించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. 2023 నవంబరులో చైనా ఆరోగ్య కమిషన్ ఆహారంగానూ మందుగానూ వాడదగిన పదార్థాల జాబితాలో తియన్మాను చేర్చింది. చారులు, పానీయాలు, మిఠాయిల తయారీదారులకు అది తలుపు తెరిచినట్టే. కలప మీద ఒత్తిడి తగ్గించే పరిశోధన ఆ గిరాకీతో సమానంగా నడవాలి.

అంతర్జాతీయ వ్యాపారంలో ఆర్కిడ్ జాతులు దాదాపు అన్నీ, ముప్పున్న అడవి జీవుల, మొక్కల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండో అనుబంధం కిందికి వస్తాయి. పండించినదైనా సరే తియన్మా ఎండు దుంపను సరుకుగా దేశం దాటించాలంటే ఎగుమతి అనుమతి పత్రం ఉండాలి. 2022లో పనామాలో జరిగిన సభ్యదేశాల సమావేశం ఒక మినహాయింపు చేర్చింది. తియన్మాతో పాటు మరికొన్ని ఆర్కిడ్ల సారం కలిపి, చిల్లర అమ్మకానికి సిద్ధంగా ప్యాక్ చేసిన సౌందర్య సాధనాలకు ఆ పత్రం అక్కర్లేదు. దుంపకూ, ముక్కలకూ, పొడికీ, వాటితో చేసిన మందులకూ ఆ మినహాయింపు వర్తించదు. కాబట్టి ఆన్‌లైన్ దుకాణాల్లో తియన్మా పేరుతో కనిపించే సరుకును వ్యాపారానికి దిగుమతి చేసుకోదలచినవారు ముందుగా అడగవలసినవి రెండు: అది ఏ దేశంలో ఏ పద్ధతిలో పండిందో తెలిపే పత్రం, గంధక అవశేషం, గాస్ట్రోడిన్ శాతం చూపే పరీక్ష నివేదిక.